తల్లిదండ్రులు సంతృప్తిగా ఉన్నారు, పిల్లలకు చదవడం రాలేదు: ఏ ఫలితాన్ని నమ్మాలి?

మీ ప్రశ్న సారాంశం ఇది. మీరు ఒక ప్రభుత్వ పాఠశాల యాజమాన్య కమిటీలో సభ్యులు. పిల్లల చదువు గురించి తల్లిదండ్రులు ఏమనుకుంటున్నారో తెలుసుకోవడానికి మీ కమిటీ ఒక ప్రశ్నపత్రం పంచితే, జవాబిచ్చినవారిలో అత్యధికులు సంతృప్తిగా ఉన్నామని రాశారు. కొద్ది వారాలకు టీచర్లు పిల్లలను ఒక్కొక్కరిగా పిలిచి చదివించి చూస్తే, వారిలో చాలామంది తమకంటే కింది తరగతి పాఠాన్ని కూడా తడబడకుండా చదవలేకపోయారు. తల్లిదండ్రులు మొహమాటానికి అలా రాశారా, లేక ఇలాంటి సర్వేలే దండగా అని మీరు అడిగారు. చాలా ఏళ్లుగా బడుల కోసం ఇటువంటి ప్రశ్నపత్రాలు తయారుచేస్తూ, వచ్చిన జవాబులను చదువుతూ ఉన్న అనుభవంతో చెబుతున్నాను: మొహమాటం కొంత ఉంటుంది కానీ అసలు కారణం అది కాదు, సర్వే దండగ కూడా కాదు. తల్లిదండ్రులు తమకు కనిపించేదాని మీద తీర్పు చెప్పారు. పిల్లవాడికి చదవడం వచ్చిందా లేదా అన్నది వారికి కనిపించేవాటిలో లేదు.

ఈ వైరుధ్యం మీ ఒక్క బడికే పరిమితం కాదు. అమెరికాలో గ్యాలప్ అనే అభిప్రాయ సేకరణ సంస్థ 1999లో మొదలుపెట్టి దాదాపు ఏటా ఆగస్టు నెలలో రెండు ప్రశ్నలు అడుగుతోంది. దేశంలో పాఠశాల విద్య నాణ్యత పట్ల సంతృప్తిగా ఉన్నారా అన్నది మొదటిది, ఇది అందరినీ అడుగుతారు. మీ పెద్దబిడ్డకు అందుతున్న చదువు పట్ల సంతృప్తిగా ఉన్నారా అన్నది రెండోది, ఇది తల్లిదండ్రులను మాత్రమే అడుగుతారు. 2025లో మొదటి ప్రశ్నకు అవునన్నవారు 35 శాతం, ఆ సర్వే చరిత్రలో అంతకంటే తక్కువ ఎప్పుడూ నమోదు కాలేదు. అదే ఏడాది రెండో ప్రశ్నకు అవునన్న తల్లిదండ్రులు 74 శాతం. 2023లో ఈ అంకెలు వరుసగా 36, 76. జవాబిచ్చిన తల్లిదండ్రుల్లో పిల్లలను ప్రైవేటు బడులకు పంపేవారు కొందరు ఉన్నా, ఎక్కువమంది ప్రభుత్వ బడుల వారే. అంటే దేశంలో చదువు పాడైపోయిందని జనం అంటున్న సంవత్సరంలోనే నలుగురు తల్లిదండ్రుల్లో ముగ్గురు తమ బిడ్డ చదువు బాగానే సాగుతోందని అంటున్నారు. చట్టసభను తిట్టిపోసే ఓటర్లే తమ నియోజకవర్గం ప్రతినిధిని మళ్లీ గెలిపించడం లాంటిదే ఇది.

ఈ అంకెలను చూసి చాలామంది ఒక సులువైన నిర్ణయానికి వస్తారు. దేశం గురించి జనానికి తెలిసేది వార్తల ద్వారా, సొంత బడి గురించి తెలిసేది అనుభవం ద్వారా, కాబట్టి రెండో అభిప్రాయమే నమ్మదగినది అంటారు. ఇందులో సగం నిజం ఉంది. సాయంత్రం ఇంటికి వచ్చే పిల్లవాడి ముఖం చూసే తల్లికి, టీవీలో చర్చ చూసేవారికి తెలియని సంగతులు తెలుస్తాయి. అయితే ఆ తల్లికి దగ్గర నుంచి కనిపిస్తున్నది ఏమిటన్నది వేరే ప్రశ్న. దానికి ఒక ఉదాహరణ చెబుతాను.

ఒక తల్లిదండ్రుల సమావేశంలో ఒకావిడ తన కొడుకు నోటుపుస్తకం తెరిచి నాకు చూపించారు. ముత్యాల్లాంటి అక్షరాలు, కొట్టివేతలు లేని పేజీలు, ప్రతి జవాబు పక్కన ఎర్రసిరాతో టిక్కు, కింద టీచరు సంతకం. పిల్లవాడిని చదవమంటే అక్షరాల కింద వేలు జరుపుతూ పేజీ మొత్తం గడగడా అప్పజెప్పాడు. నేను పేజీ మధ్యలో ఒక పదం మీద వేలు పెట్టి, ఇదొక్కటే చదవమన్నాను. వాడు కాసేపు ఆ పదం వైపు చూసి, మళ్లీ మొదటి వరుసకు వెళ్లి, అక్కడి నుంచి గొణుక్కుంటూ వచ్చి ఆ పదం దగ్గర ఆగాడు. బోర్డు మీద నుంచి ఎక్కించుకున్న జవాబు వాడికి కంఠస్థం అయింది, చదవడం మాత్రం రాలేదు. ఆ తల్లి సంతృప్తికి ఆధారం లేదని ఎవరూ అనలేరు. బడి ఆమె చేతికి ఇచ్చిన ఏకైక ఆధారం ఆ నోటుపుస్తకమే, దాని ప్రకారం ఆమె తీర్పు సరైనదే.

నోటుపుస్తకం తర్వాత తల్లిదండ్రుల చేతికి వచ్చేది ప్రోగ్రెస్ కార్డు. మార్కులు ఎలా పడతాయో బడిలో పనిచేసినవారికి తెలుసు. హోంవర్క్ సమయానికి తేవడం, తరగతిలో అల్లరి చేయకపోవడం, హాజరు, చేతిరాత, కష్టపడే గుణం అన్నీ కలిసి ఒక అక్షరంగానో అంకెగానో మారతాయి. టీచర్లు మోసం చేస్తున్నారని నేను అనడం లేదు. ప్రోత్సహించడానికి వేసే మార్కుకూ, కొలవడానికి వేసే మార్కుకూ ఒకే గడి ఉండడమే సమస్య. 2023లో గ్యాలప్, లెర్నింగ్ హీరోస్ సంస్థలు కలిసి అమెరికాలో చేసిన సర్వేలో పదిమంది తల్లిదండ్రుల్లో దాదాపు తొమ్మిదిమంది తమ పిల్లలు చదవడంలోనూ లెక్కల్లోనూ తరగతి స్థాయిలోనో అంతకంటే పైనో ఉన్నారని నమ్ముతున్నట్టు తేలింది. పిల్లలకు ఎక్కువగా బి గ్రేడు లేదా అంతకంటే మంచి గ్రేడ్లే వస్తున్నాయని 79 శాతం మంది చెప్పారు. ఆ దేశంలోనే నేప్ అనే జాతీయ పరీక్ష 2024లో నాలుగో తరగతి పిల్లలకు పెడితే, చదవడంలో ‘ప్రొఫిషియెంట్’ స్థాయినిగానీ అంతకంటే పై స్థాయినిగానీ అందుకున్నవారు 31 శాతం. ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. ఆ స్థాయి మామూలు తరగతి స్థాయి కంటే ఎత్తులో ఉంటుంది కాబట్టి, మిగతా 69 శాతం మంది తరగతికి తగినట్టు లేరని చెప్పడం తప్పు, పత్రికల్లో ఈ పొరపాటు తరచూ కనిపిస్తుంది. అయితే అదే పరీక్షలో అట్టడుగున ఉండే ‘బేసిక్’ మెట్టును కూడా అందుకోలేనివారు 40 శాతం ఉన్నారు. ఆ లెక్క ఒక్కటి చాలు, పదిమందిలో తొమ్మిదిమంది తల్లిదండ్రుల నమ్మకానికీ పిల్లల చదువుకూ మధ్య ఎంత దూరం ఉందో చెప్పడానికి.

మరి సంతృప్తి దేన్ని కొలుస్తోంది? నా అనుభవంలో తల్లిదండ్రులు ‘సంతృప్తిగా ఉన్నాను’ అన్న గడిలో టిక్కు పెట్టేటప్పుడు మనసులో వేసుకునే ప్రశ్నలు ఇవి: నా బిడ్డ పొద్దున ఏడవకుండా బడికి వెళుతున్నాడా, అక్కడ ఎవరూ కొట్టడం లేదు కదా, టీచరుకు వాడి పేరు తెలుసా, నేను వెళితే కూర్చోబెట్టి మాట్లాడతారా, నిలబెట్టి పంపేస్తారా. వీటిని చిన్న విషయాలుగా తీసిపారేసే విద్యావేత్తలతో నేను ఎప్పుడూ ఏకీభవించలేదు. భయంతో బడికి వెళ్లే పిల్లవాడి తలకు ఏ పాఠమూ ఎక్కదు. తల్లిదండ్రులను చులకన చేసే బడికి, ఆ తల్లిదండ్రుల సాయం అవసరమైన రోజున అది దొరకదు.

ఈ విషయంలో అమెరికా రాజధాని వాషింగ్టన్‌లో జరిగిన ఒక ప్రయోగం ఫలితాలు ఆలోచింపజేస్తాయి. ప్రైవేటు బడుల్లో చదవడానికి పేద పిల్లలకు ప్రభుత్వం సాయం ఇచ్చే పథకానికి దరఖాస్తులు ఎక్కువగా రావడంతో లాటరీ తీశారు. దానివల్ల సాయం దక్కినవారినీ దక్కనివారినీ న్యాయంగా పోల్చడానికి వీలు కలిగింది. 2010లో వెలువడిన తుది నివేదిక ప్రకారం, సాయం దక్కిన పిల్లల తల్లిదండ్రులు తమ బడి సురక్షితమైనదని, దానితో సంతృప్తిగా ఉన్నామని ఎక్కువగా చెప్పారు. పిల్లలను అడిగితే మాత్రం రెండు వర్గాల మధ్య అలాంటి తేడా కనిపించలేదు. పరీక్షల్లో కూడా చదువు మెరుగుపడిందని గట్టిగా చెప్పగల ఆధారం దొరకలేదు. ఇక్కడితో ఆపితే తల్లిదండ్రుల మాటకు విలువ లేదనిపిస్తుంది. కానీ హైస్కూలు పూర్తిచేసినవారు సాయం దక్కిన వర్గంలో 82 శాతం ఉండగా, దక్కని వర్గంలో 70 శాతమే ఉన్నారు. పరీక్షకు దొరకని ఏదో ఒక మార్పును ఆ తల్లిదండ్రులు పసిగట్టి ఉండవచ్చు. అందుకే, సంతృప్తికీ మార్కులకూ పొంతన కుదరనప్పుడల్లా మార్కుల పక్షమే వహించాలన్న వాదనను నేను ఒప్పుకోను.

ఇంకో సంగతి కూడా గుర్తుంచుకోవాలి. మంచి బడి ఏదో తల్లిదండ్రులు ఎలా గుర్తిస్తారన్న ప్రశ్న మీద న్యూయార్క్ నగర ఉన్నత పాఠశాలల ప్రవేశ దరఖాస్తులను విశ్లేషించిన ఒక అధ్యయనం 2020లో వచ్చింది. తల్లిదండ్రులు కోరుకున్నవి ఎక్కువగా చదువులో ముందున్న పిల్లలు చేరే బడులు. చేరిన పిల్లల స్థాయిని పక్కనపెట్టి, బడి తన వంతుగా ఎంత నేర్పుతోందని చూస్తే, దానికీ తల్లిదండ్రుల ఎంపికకూ విడిగా సంబంధం కనిపించలేదు. వచ్చేటప్పటికే బాగా చదివే పిల్లలున్న బడి మంచి బడి అనిపించుకుంటుంది. వెనకబడిన పిల్లలను చేర్చుకుని రెండు మెట్లు ఎక్కించిన బడికి ఆ పేరు రాదు. ప్రభుత్వ బడుల్లో పనిచేసే టీచర్లకు ఇది ఎవరూ చెప్పకుండానే తెలుసు.

ఇక మీ ప్రశ్నపత్రంలోనే ఉండే లోపాలు. వీటి గురించి పుస్తకాలకు పుస్తకాలు ఉన్నాయి కాబట్టి క్లుప్తంగా చెబుతాను. క్లాస్ టీచరు పంచి, క్లాస్ టీచరే వెనక్కి తీసుకునే కాగితం మీద ఎవరూ ఫిర్యాదు రాయరు, ఎందుకంటే రేపు అదే టీచరు ముందు కూర్చోవాల్సింది వారి బిడ్డ. చదువురాని ఇళ్లలో ఆ కాగితం నింపేది పిల్లలే. తిరిగి ఇవ్వనివారు ఎంతమందో, ఏ తరగతుల వారో లెక్కకట్టకుండా, ఇచ్చినవారి శాతం మాత్రమే చెప్పుకుంటే ఆ శాతానికి అర్థం ఉండదు. ‘పూర్తిగా సంతృప్తి’, ‘కొంతవరకు సంతృప్తి’ అన్న రెండింటినీ కలిపి ఒకే అంకెగా ప్రకటించడం అన్నిటికంటే పెద్ద పొరపాటు. నా అనుభవంలో ‘కొంతవరకు’ అన్నది చాలాసార్లు మర్యాదగా రాసిన ఫిర్యాదు. ఆ గడిలో టిక్కు పెట్టినవారిని విడిగా పిలిచి మాట్లాడితే, మీకు కావలసిన సమాచారంలో ఎక్కువ భాగం అక్కడే దొరుకుతుంది.

వీటన్నిటికంటే లోతైన లోపం మరొకటి ఉంది. మీరు అడిగింది ఇంకా మీ బడిలో ఉన్నవారిని. అసంతృప్తి తీవ్రంగా ఉండి, మరో దారి ఉన్నవారు ఇప్పటికే టీసీ తీసుకుని వెళ్లిపోయి ఉంటారు. సాధారణంగా చదువు నాణ్యతను గట్టిగా పట్టించుకుని ప్రశ్నించేవారే ముందుగా వెళ్లిపోతారు. అందువల్ల బడి దిగజారుతున్నకొద్దీ అందులో మిగిలినవారి సంతృప్తి శాతం పడిపోకుండా నిలబడటం, ఒక్కోసారి పెరగడం కూడా జరుగుతుంది. ఇదే కారణంగా చేరికల సంఖ్యను కూడా సంతృప్తికి కొలతగా తీసుకోకూడదు. గ్రామీణ భారతంలో 6 నుంచి 14 ఏళ్ల పిల్లల్లో ప్రభుత్వ బడుల్లో ఉన్నవారు 2018లో 65.6 శాతం కాగా, 2022లో 72.9 శాతానికి పెరిగి, 2024లో మళ్లీ 66.8 శాతానికి తగ్గారని, గ్రామాల్లో ఇంటింటికీ వెళ్లి పిల్లల చదువును పరిశీలించే అసర్ సర్వే నివేదికలు చెబుతున్నాయి. కోవిడ్ కాలంలో ఇంటి ఆదాయాలు పడిపోవడం, చిన్న ప్రైవేటు బడులు మూతపడటం ఆ పెరుగుదలకు ప్రధాన కారణాలుగా చెబుతారు. పిల్లలు వచ్చారు కాబట్టి తల్లిదండ్రులు మెచ్చారని అప్పట్లో సంబరపడినవారికి 2024 అంకె జవాబు చెప్పింది.

తల్లిదండ్రులకు సరైన సమాచారం ఇస్తే ఏమవుతుందన్నది మీకు ఎక్కువగా ఉపయోగపడే విషయం. పాకిస్తాన్‌లోని పంజాబ్ రాష్ట్రంలో 112 గ్రామాల్లో ఒక ప్రయోగం చేశారు. సగం గ్రామాల్లో ప్రతి ఇంటికీ తమ బిడ్డ మార్కులతో పాటు ఊళ్లోని అన్ని బడుల సగటు మార్కులూ ఉన్న కార్డులు ఇచ్చారు. కార్డులు ఇచ్చిన గ్రామాల్లో పిల్లల మార్కులు పెరిగాయి, ప్రైవేటు బడుల ఫీజులు సుమారు 17 శాతం తగ్గాయి, బడిలో చేరే పిల్లల సంఖ్య కూడా పెరిగింది. అమెరికాలోని వెస్ట్ వర్జీనియాలో 22 బడుల్లో మరో ప్రయోగం జరిగింది. పిల్లలు క్లాసు ఎగ్గొట్టినప్పుడు, అసైన్‌మెంట్ ఇవ్వనప్పుడు, మార్కులు పడిపోయినప్పుడు తల్లిదండ్రుల ఫోనుకు సందేశం వెళ్లేలా చేస్తే, సబ్జెక్టులు తప్పడం 28 శాతం తగ్గింది, క్లాసు హాజరు 12 శాతం పెరిగింది. రాష్ట్రస్థాయి పరీక్షల మార్కుల్లో మాత్రం తేడా రాలేదు, కాబట్టి సందేశాలు పంపితే చదువు వచ్చేస్తుందని అనుకోవద్దు. అయినా ఈ రెండు ప్రయోగాల్లోనూ తల్లిదండ్రులకు శ్రద్ధ లేకపోవడం అసలు అడ్డంకి కాదు. ఏం జరుగుతోందో వారికి తెలియలేదు, తెలిసిన తర్వాత కదిలారు.

ఇప్పుడు మీ కమిటీ చేయగల పని. ‘మొత్తం మీద సంతృప్తిగా ఉన్నారా’ అన్న ప్రశ్నను తీసేయాల్సిన పని లేదు, గత ఏడాదితో పోల్చుకోవడానికి అది పనికొస్తుంది. కానీ దాని ముందు, తల్లిదండ్రులు కళ్లారా చూసినదాని గురించి అడిగే ప్రశ్నలు పెట్టండి. గత నెలలో మీ బిడ్డ బడికి వెళ్లనని మారాం చేశాడా? ఎవరైనా కొట్టారని, ఏడిపించారని చెప్పాడా? మీ బిడ్డ గురించి మీకు తెలియని ఒక విషయాన్ని టీచరు చివరిసారి ఎప్పుడు చెప్పారు? ఈ మూడో ప్రశ్నకు వచ్చే జవాబులు మిమ్మల్ని కలవరపెట్టవచ్చు. చాలా బడుల్లో ‘ఎప్పుడూ చెప్పలేదు’ అన్నదే ఎక్కువగా వినిపిస్తుంది. ఈ కాగితం మీద పేరు అడగవద్దు, తాళం వేసిన పెట్టెలో వేయించండి, లెక్కపెట్టే పని ఆ తరగతి టీచరుకు అప్పగించవద్దు. రాయడం రానివారిని కమిటీ సభ్యులు ఇంటికి వెళ్లి అడగాలి. గత ఏడాదిలో టీసీ తీసుకున్న కుటుంబాలకు కూడా ఇవే ప్రశ్నలు వేయండి. వారు కొద్దిమందే ఉన్నా, చెప్పేది ఎక్కువ ఉంటుంది.

చదవడం గురించిన ప్రశ్నను ఈ కాగితంలో కలపకుండా విడిగా, ముఖాముఖి అడగండి. పేరు లేని కాగితం మీద అడిగితే జవాబును పిల్లవాడి అసలు స్థాయితో సరిపోల్చలేరు. తల్లిదండ్రుల సమావేశం రోజున, తల్లినిగానీ తండ్రినిగానీ ముందుగా ఒక్క మాట అడగండి: ఇంతవరకు చూడని ఒక చిన్న కథను మీ బిడ్డ సొంతంగా చదవగలడా? వారు చెప్పింది రాసుకున్న తర్వాత, పాఠ్యపుస్తకంలో లేని ఎనిమిది పది వాక్యాల కథను పిల్లవాడి చేత వారి ముందే, కానీ పదిమంది మధ్యలో కాకుండా, చదివించండి. చివర్లో కథలో ఏం జరిగిందని ఒక ప్రశ్న వేయండి. దీనికి ఒక్కొక్కరికి ఐదు నిమిషాలు చాలు. తల్లిదండ్రుల అంచనాకూ వారి కళ్లముందు జరిగినదానికీ ఉన్న తేడాను తరగతివారీగా రాసి పెట్టుకోండి. మీ బడికి సంబంధించినంతవరకు సంతృప్తి శాతం కంటే ఆ తేడాయే ముఖ్యమైన అంకె. పిల్లవాడు తడబడితే అక్కడ మందలింపు ఉండకూడదని టీచర్లతోనూ, తల్లిదండ్రులతోనూ ముందే గట్టిగా మాట్లాడి పెట్టుకోండి. ఈ ఒక్క జాగ్రత్త తప్పితే పనంతా బెడిసికొడుతుంది, ఇంటికి వెళ్లాక దెబ్బలు తినేది పిల్లవాడే.

ఇది చేశాక వచ్చే సర్వేలో సంతృప్తి శాతం తగ్గుతుంది. తగ్గకపోతేనే అనుమానించాలి. అప్పుడు హెడ్‌మాస్టరు మీద ఒత్తిడి వస్తుంది, గత ఏడాది ఎంత బాగుండేది, ఈ కమిటీ వచ్చి పాడుచేసిందనే మాట కూడా వినిపిస్తుంది. నిజం చెప్పినందుకు శిక్ష పడుతుందని తెలిస్తే మరుసటి ఏడాది ఏ టీచరూ ఆ కథను నిజాయితీగా చదివించరు. అందువల్ల సర్వే మొదలుపెట్టకముందే కమిటీ మినిట్స్ పుస్తకంలో రెండు తీర్మానాలు రాయించి, అందరి సంతకాలు తీసుకోండి: మొదటి ఏడాది సంతృప్తి శాతాన్ని ఎవరి పనితీరుకూ కొలమానంగా వాడబోమని, చదవలేని పిల్లల కోసం రోజూ ఒక పీరియడును కేటాయించి, మూడు నెలల తర్వాత అలాంటిదే మరో కొత్త కథతో తల్లిదండ్రుల ముందే మళ్లీ చదివిస్తామని. రెండో తీర్మానానికి టీచర్లు ఒప్పుకోకపోతే మొదటి చదివింపును కూడా ఆపేయండి. పిల్లవాడి వెనకబాటును తల్లిదండ్రులకు చూపించి, దానికి బడి ఏం చేస్తుందో చెప్పకుండా పంపిస్తే, ట్యూషన్ పెట్టించగలవారు పెట్టించుకుంటారు, మిగిలినవారు తమ బిడ్డకు చదువు రాదని తేల్చేసుకుంటారు.